ధార పడేలోపు

ద పాండ్స్‌లో మేం ఉంటున్న ఇల్లు నిజానికి వేరేవాళ్ళకి ఇస్తానన్న ఇల్లు. 2014లో మేం చూడ్డానికి వెళ్ళేసరికే ఓనరు ఒక జంటకి మాటిచ్చేశాడు. "కాంట్రాక్టులు ఇంకా మార్చుకోలేదు. ఇంకో 15,000 డాలర్లు వేస్తే అడిగి చూస్తాను" అన్నాడు ఏజెంటు గొంతు తగ్గించి. వేశాం. న్యూ సౌత్ వేల్స్‌లో సంతకాలు పెట్టిన కాంట్రాక్టులు చేతులు మారేదాకా నోటిమాటకి కట్టుబడక్కర్లేదు. దీన్ని ఇక్కడ గజంపింగ్ అంటారు. ఇల్లు పోయినవాళ్ళే అంటారు లెండి, దక్కినవాళ్ళు ఆ మాట వాడరు.

ఈ మధ్య మా అబ్బాయి స్నేహితుడి దగ్గర పాత గిటారు కొని, డబ్బు బిట్‌కాయిన్‌లో పంపాడు. పిసినారితనం నా పోలికే, ఫీజు బాగా తక్కువ పెట్టాడు. సాయంత్రమైనా అది కదల్లేదు.

"పోనీ, ఫీజు పెంచి మళ్ళీ పంపుతా" అన్నాడు.

"రెండుసార్లు పోదూ?"

"రెండూ అదే కాయిన్ని ఖర్చు పెడతాయి నాన్నా. బ్లాక్‌లోకి ఎక్కేది ఒక్కటే."

"మరి ఈసారి వాడి అడ్రసు తీసేసి నీ అడ్రసే పెట్టుకుంటే?"

"అదీ కుదురుతుంది" అన్నాడు, తల ఎత్తకుండానే.

ఆ రాత్రి కూర్చుని చదివాను. పంపిన డబ్బు బ్లాక్‌లోకి ఎక్కేదాకా నోడ్ల దగ్గర మెంపూల్ అనే నిరీక్షణశాలలో ఉంటుంది. సుమారు 10 నిమిషాలకో బ్లాక్. మైనర్లు ఎక్కువ ఫీజు ఇచ్చేవాళ్ళని ముందు ఎక్కించుకుంటారు. ఇలా మార్చుకునే వీలు సతోషి తొలి ప్రోగ్రాంలోనే ఉండేది. పైసా ఖర్చు లేకుండా ఎవరైనా మార్పుల మీద మార్పులు పంపి నెట్‌వర్క్‌ని ముంచెయ్యొచ్చని 2010లో దాన్ని ఆపేశారు. 2016లో బిట్‌కాయిన్ కోర్ 0.12తో మళ్ళీ తెచ్చారు, ఈసారి షరతులతో: దీన్ని మార్చే అవకాశం ఉందని పంపేవాడు మొదటే గుర్తు పెట్టాలి, కొత్తది పాతదానికన్నా ఎక్కువ ఫీజు ఇవ్వాలి. కన్ఫర్మేషన్ రాకముందే సరుకిచ్చే వర్తకులకి ఇది నచ్చలేదు. అవతలివాళ్ళ జవాబు: ముందు చూసినదాన్నే నిలబెట్టడం ఒక మర్యాదేగాని, ఎవరూ అమలు చేయగలిగిన నియమం కాదు. చివరికి 2024 అక్టోబరులో వచ్చిన 28.0తో, గుర్తు ఉన్నా లేకపోయినా మార్పుని ఒప్పుకోవడమే మామూలు పద్ధతి అయింది.

నాకు ఇందులో తప్పు కనబడలేదు. కన్ఫర్మ్ కానిది ఇంకా నీది కాదు అని ఆ నెట్‌వర్క్ మొహమ్మీదే చెబుతుంది. పైగా అక్కడ మార్చగలిగేది తాళంచెవి ఉన్నవాడే, మూడోవాడొచ్చి ఎక్కువిస్తానని చొరబడలేడు. మా ఇంటి సంగతిలో ఆ మూడోవాణ్ణి నేనే.

పోతన భాగవతంలో బలి మూడడుగులు ఇస్తానన్నాడు, ధార మాత్రం ఇంకా పోయలేదు. శుక్రాచార్యుడు చెప్పిందల్లా ఇంకా మించిపోలేదనే. వినకపోతే కలశం రంధ్రానికి అడ్డుపడ్డాడు, కన్ను పోగొట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆయన నాకు దుర్మార్గుడు. ఇప్పుడు చూస్తే నిబంధనలు క్షుణ్ణంగా తెలిసిన మనిషి. మా లాయరూ అలాగే మాట్లాడాడు. బలికీ నిబంధన తెలుసు. ధార పడ్డాక ఎవరైనా మాట మీద నిలబడతారు, వేరే దారి ఉండదు కనక. వెనక్కి తీసుకోగలిగిన ఆ కాసేపట్లోనే కదా మాటిచ్చినవాడెవరో తెలిసేది? ఓనరుకి ఆ కాసేపు ఉంది. దానికి 15,000 వెల కట్టింది మాత్రం మేము.

మా అబ్బాయి ఫీజు పెంచాడు, అడ్రసు మార్చలేదు. అరగంటలో "వచ్చింది రా" అని మెసేజ్ వచ్చింది. నేనడిగిన రెండో ప్రశ్న వాడు మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ జంట తెలుగువాళ్ళేనని మాకు ఇంట్లో చేరిన రెండేళ్ళకి తెలిసింది. ఉగాది పంక్తిలో మా ఆవిడ పక్కన కూర్చున్నావిడ, "ద పాండ్స్‌లో ఒక ఇల్లు చేతిదాకా వచ్చి పోయిందండీ" అంటూ మా వీధి పేరు చెప్పిందట. వాళ్ళిప్పుడు స్కోఫీల్డ్స్‌లో ఉంటారు, కారులో పది నిమిషాలు. ఎక్కడ కలిసినా ఆప్యాయంగా పలకరిస్తారు. రెండుసార్లు వాళ్ళింట్లో భోంచేశాం. మా ఇంటికి మాత్రం ఇంతవరకూ పిలవలేదు.