కథ చెప్పువాని ధర్మము

లోకవ్యవహారమున ఒకరు మరియొకరిని ఒప్పింపవలసిన సందర్భములు అనేకములు కలవు. వైద్యుడు రోగిని పథ్యమునకు ఒప్పింపవలెను. న్యాయవాది న్యాయాధిపతిని, ఉద్యోగి పై అధికారిని, వర్తకుడు కొనవచ్చినవానిని ఒప్పింపవలెను. పది లెక్కలు చేయలేని పనిని ఒక చిన్న కథ చేయునని వీరందరును ఎరుగుదురు. అయితే ఇట్లు కథచే ఒప్పించుట ధర్మమేనా? అది వినువాని బుద్ధిని జోకొట్టి తన పని నెరవేర్చుకొనుట కాదా? ఈ ప్రశ్న విచారింపదగినది.

కథకు గల మహిమను పూర్వులు చక్కగా ఎరిగియుండిరి. మహిలారోప్య నగరమును ఏలిన అమరశక్తి మహారాజునకు ముగ్గురు కుమారులు. ముగ్గురును చదువునకు విముఖులు. వ్యాకరణమునకే పన్నెండేండ్లు పట్టునని సభలోనివారు పలికిరి. అప్పుడు ఎనుబది యేండ్ల వృద్ధుడైన విష్ణుశర్మ, నూరు అగ్రహారములిత్తునన్నను విద్య నమ్మనని చెప్పి, ఆరు నెలలలో కథలచేతనే వారిని నీతికోవిదులను చేసెనని పంచతంత్రము చెప్పుచున్నది.

అయితే ఆ గ్రంథమే కథవలన కలుగు కీడును గూడ దాచలేదు. మిత్రభేదమున దమనకుడను నక్క చేసిన పని యేమి? పింగళకుడను సింహమునకును, సంజీవకుడను వృషభమునకును గల స్నేహమును చెరచుటకు అతడు వాడిన ఆయుధము కథయే. 1853లో పరవస్తు చిన్నయసూరి ప్రకటించిన నీతిచంద్రికవలన ఈ వృత్తాంతము తెలుగువారికి చిరపరిచితము.

రాజుగారి శయ్యలో ఒక పేను చిరకాలము సుఖముగా నుండెననియు, క్రొత్తగా వచ్చిన నల్లికి అది చోటిచ్చెననియు, ఆ నల్లి తొందరపడి రాజును కుట్టి సందులో దాగగా, వెదకిన సేవకులు పేనును చంపిరనియు దమనకుడు సింహమునకు చెప్పెను. శీలమెరుగని వానికి ఆశ్రయమీయరాదన్న ఆ కథలోని నీతి అసత్యము కాదు. మరి దోషమెక్కడ?

దీనికి న్యాయశాస్త్రము సమాధానము చెప్పుచున్నది. ఒక విషయమును ఎదుటివానికి నిరూపించుటకు ఐదు అవయవములు కావలెనని గౌతముని మతము. అవి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. కొండపై నిప్పున్నదనుట ప్రతిజ్ఞ. పొగ యున్నది గనుక అనుట హేతువు. పొగయున్నచోట నిప్పుండును, వంటయింటివలె అనుట ఉదాహరణము. ఈ కొండపైనను అట్టి పొగయే యున్నదని చూపుట ఉపనయము. కావున నిప్పున్నదనుట నిగమనము. ఇందు కథ స్థానము ఉదాహరణము మాత్రమే. వంటయింటిని ఎంత మనోహరముగా వర్ణించినను, కొండపై పొగ చూపనిదే నిప్పు సిద్ధింపదు.

దమనకుని కథలో వంటయిల్లు కలదు, కొండపై పొగ లేదు. సంజీవకుడు నల్లివంటివాడన్న ఆధారము ఒక్కటియు లేదు. అందుచే దమనకుడు తానే పొగబెట్టెను. వృషభము కొమ్ములు వంచి వచ్చినచో ద్రోహియని ఎరుగుమని సింహముతో చెప్పెను. సింహము తీక్ష్ణముగా చూచినచో చంపనున్నదని ఎరుగుమని వృషభముతో చెప్పెను. భయముచే ఇరువురును ఆ చిహ్నములనే కనబరచిరి. వృషభము హతమాయెను. మిత్రుని పిలిచి ఒక్కమాట అడుగని సింహమునకును ఇందు దోషము లేకపోలేదు.

నేటి వృత్తులకును ఇదే కొలత. పాదమున పుండును అలక్ష్యము చేసి కాలు పోగొట్టుకొన్న మధుమేహరోగి కథను వైద్యుడు చెప్పవచ్చును. కాని ఎదుటి రోగి రక్తపరీక్షను, అతని పాదమును చూచిన పిమ్మట, అతనికిని అట్టి అపాయమే కలదని చూపి చెప్పవలెను. చీటీ కట్టి ఒకడు మేడ కట్టెనని చెప్పి సొమ్మడుగువాడు, వినువాని ఆదాయమెంతయో, చీటీ నడుపువాడెవరో చెప్పకున్నచో, అతడు చెప్పినది వంటయింటి వర్ణనయే. న్యాయస్థానమున పూర్వపు తీర్పును ఉదాహరించినప్పుడు, ఆ వ్యాజ్యము వేరు, ఈ వ్యాజ్యము వేరు అని ప్రతిపక్ష న్యాయవాది ఖండింపగలడు. అంగడిలోను, కార్యాలయములోను, రోగి మంచముకడను అట్టి ప్రతిపక్షి యుండడు. కావున ఆ పనిని గూడ చెప్పువాడే తనమీద వేసికొనవలెను. తన కథ ఎంతవరకు పొసగునో, ఎక్కడ పొసగదో తానే చెప్పవలెను. అట్లు చెప్పినచో పని చెడునని భయపడువాని మనస్సున దమనకుడు చేరియున్నాడనుట నిశ్చయము.

కథ విడచి లెక్కలే చెప్పిన దోషముండదా యనిన, లెక్కలచేతను మోసగించువారు కలరు. మరియు బోధపడని సత్యము వినువానికి ఉపకరింపదు. కావున కథను విడువవలసిన పనిలేదు, ఉపనయమును విడువరాదు.

సంస్కృత పంచతంత్రమున దమనకునకు శిక్ష లేదు. అతడు మంత్రియై సుఖించెను. ఆ గ్రంథము పహ్లవీ భాషలోనికి పోయి, 8వ శతాబ్దమున ఇబ్నుల్ ముఖఫ్ఫాచే అరబ్బీలోనికి వచ్చి, ఆ రెండు నక్కల పేర కలీలా దిమ్నా యని ప్రసిద్ధి కెక్కెను. అందు సంస్కృతమున లేని యొక ప్రకరణము కలదు. దానిలో దిమ్నాను సభకు నిలిపి విచారించి శిక్షింతురు. కథచే చేసిన ద్రోహము ద్రోహము కాకపోదని ఆ దూరదేశమువారికిని తోచెను.

విష్ణుశర్మకును దమనకునకును ఉన్న విద్య ఒక్కటే. ఒకడు నూరు అగ్రహారములను కాదని శిష్యుల కన్నులు తెరిపించెను. మరియొకడు మంత్రిపదవి కోరి ప్రభువు కన్నులు మూసెను. ఎదుటివానిని ఒప్పింప నోరు విప్పు ప్రతివాడును, తాను ఆ ఇరువురిలో ఎవని వెంట నడచుచున్నాడో మొదట విచారించుకొనుగాక.