పాటకు నోచుకున్న దుఃఖం

సూరత్ నగరంలోని లింబాయత్ వీధులలో పగలనక రాత్రనక మరమగ్గాల చప్పుడు వినవస్తుంది. ఆ మగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ నుండి వలసపోయిన పద్మశాలీలు ఎందరో ఉన్నారు. ఆ రొదలో పాట చెవికి ఆనదు. పని ముగిసిన పిమ్మట మనస్సులో మేల్కొంటుంది. ఇల్లు విడిచిన మనిషిని ‘దేవదాసు’ పాట ఏమి చేయగలదో ఊహించడానికి పాండిత్యం అక్కరలేదు.

శరత్‌చంద్రుని నవల 1917లో వెలువడినది. దానిని వేదాంతం రాఘవయ్య 1953లో తెలుగు తెరకెక్కించినాడు. సంగీతం కూర్చిన సి. ఆర్. సుబ్బరామన్ ఆ చిత్రం విడుదలను చూడలేదు, 1952లోనే కన్నుమూసినాడు. సముద్రాల మాటకు ఘంటసాల గొంతు, ఆ గొంతుకు అక్కినేని సోలిన కన్నులు తోడైనవి. ప్రేక్షకులు ఏడ్చినారు, ఏడ్చి మరల చూడబోయినారు. శోకం ఆనందమెట్లయినదన్న ప్రశ్నకు భట్టనాయకుడు ఏనాడో సమాధానం చెప్పినాడు: కావ్యంలోని శోకం ఒకరి సొత్తు కాదు, అది సాధారణీకృతమై అందరిదవుతుంది.

అందరిదైన ఆ శోకం మొదట ఎవరిది? నవలలో దేవదాసు గాలపు కర్రతో పార్వతి నుదుట కొట్టినాడు. ఆమె తెగించి రాత్రివేళ తన గదికి వచ్చినప్పుడు తల్లిదండ్రులను కాదనలేకపోయినాడు. అయినా పాట మొదలు కాగానే దోషి దీనుడవుతాడు. ఏ వకీలూ ఇంత సులువుగా వ్యాజ్యం గెలవలేడు! పార్వతికీ చిత్రంలో పాట లేకపోలేదు. కాని జనం నాలుక మీద నిలిచినది అతని విలాపమే. ఈడు మించిన జమీందారు ఇంట, తాను కనని పిల్లలకు తల్లియై ఆమె గడిపిన దినాలకు బాణీ కట్టడం కష్టం. అక్కడ ఉన్నది ఓర్పు. ఓర్పుకు పల్లవీ చరణాలూ ఏర్పడవు.

ఆదికవి కథ వేరు. బాణం తగిలినది మగ క్రౌంచానికి. ఋషిని కదిలించినది మాత్రం బ్రతికి ఉండి ఏడ్చిన ఆడ క్రౌంచం.

సూరత్‌లో కంట తడిపెట్టే నేతకాని కన్నీరు బూటకం కాదు. దేవదాసు కోసం మొదలైన ఏడుపు అతని సొంత ఊరి మీదికి మళ్లుతుంది. సిరిసిల్లలోనో మరొకచోటనో బీడీలు చుడుతూ పిల్లలను సాకే ఇల్లాలు అక్కడ ఉండవచ్చు. దేవదాసు చిట్టచివరకు పార్వతి వాకిలి దాకా వచ్చినాడు, అదీ చావడానికి. ఈ నేతగాని మనస్సును ఆ పాట ఎవరి వాకిలికి చేర్చినదో అతనికి కూలి చేతికందిన నాడు తెలుస్తుంది.