సెలవు – అనుజ్ఞ

తెలుగున ‘సెలవు’ అను మాటకు రెండర్థములు కలవు. పని నుండి పొందు విరామము ఒకటి, పెద్దల అనుజ్ఞ మరియొకటి. ‘స్వామివారి సెలవైనది’ అన్నచో అది ఆజ్ఞ. ‘సెలవు పుచ్చుకొందును’ అన్నచో అది వీడ్కోలు. విరామము మనకై మనము తీసికొనునది కాదనియు, ఇతరులు అనుగ్రహింపగా పొందునదనియు ఆ మాటయే తెలుపుచున్నది.

యాత్రకు సిద్ధమగు గృహస్థుని గమనింపుడు. నెలల తరబడి కదలని పనులు ప్రయాణమునకు ముందు మూడు దినములలో ముగియును. చేబదుళ్లు తీరును, ఇంటి పన్ను చెల్లును, ఉద్యోగి బల్లపై కాగితముల దొంతర తరుగును. ఇంతటి చురుకు ఎచ్చట నుండి వచ్చినది? గడువు దగ్గరపడుట వలననే యని లోకులందురు. అది కొంతవరకే నిజము. తాను లేని వేళ ఈ పని మరియొకరి చేతికి పోవునను ఎరుకయే అసలు కారణము. ఆ మూడు దినములును అతడు తన పనిని ఇతరుల కన్నులతో చూచుచున్నాడు.

అయితే ఆ సన్నాహముననే రెండు దోషములు పొంచియుండును. శరీరము కంటె ముందుగా మనస్సు బయలుదేరుట మొదటిది. అప్పుడు లెక్క సరిచూడకయే సంతకము పడును. కష్టమైన పనిని ప్రక్కవాని బల్లపైకి జరిపి, తన బల్ల శుభ్రమైనదని సంతోషించుట రెండవది. ఆ కాగితములలో ఒక వృద్ధురాలి పింఛను అర్జీ ఉండవచ్చును. ఆమె నెల దినములు తిరిగి తిరిగి అలసినచో, ఆ అలసట ఎవరి ఖాతాలో చేరును? మన దర్శనపుణ్యము దానిని తుడిచివేయునా?

నల్లగొండను ఆనుకొనియున్న పానగల్లులో కందూరు చోడుల కాలమునాటి ఉదయసముద్రము కలదు. నేడు కృష్ణాజలములు ఆ చెరువును చేరుచున్నవి. ఈ ప్రాంతపు వరిరైతునకు యాత్రాకాలము ఒక ధర్మసంకటము. యాదగిరిగుట్ట శ్రీలక్ష్మీనరసింహస్వామివారి బ్రహ్మోత్సవములు ఫాల్గుణమున జరుగును. యాసంగి వరి పొట్టకు వచ్చునదియు ఇంచుమించు ఆ దినములలోనే. అప్పుడు తడి తప్పినచో గింజ తాలుపోవును. కావున వివేకియగు రైతు తన మడిని ప్రక్క మడివానికి చూపి, నీరు ఎప్పుడు పెట్టవలెనో ఎప్పుడు కట్టవలెనో చెప్పి, ‘అన్నా, నీవు గుట్టకు పోయిననాడు నీ మడి నేను చూచెదను’ అని మాట ఇచ్చి కదలును. ఆ మాట ఇయ్యనివాడు గుట్ట నెక్కినను, వాని మనస్సు మడిగట్టుననే తిరుగుచుండును.

ఆ పానగల్లుననే ఛాయా సోమేశ్వరాలయము కలదు. ఆకాశమున సూర్యుడు కదలుచున్నను, గర్భాలయమున లింగముపై స్తంభఛాయ పగలెల్ల నిలిచియుండును. అది స్తంభముల కూర్పు వలన కలిగిన వింత. చక్కగా కూర్చిన పనియు అట్టిదే. చేసినవాడు ఎదుట లేకున్నను దాని నీడ ఇంటివారికి తప్పదు.

తిరుమలలో ఆణివార ఆస్థానము ఈ ధర్మమునే బోధించుచున్నది. పూర్వము మహంతుల పాలనలో దేవస్థానపు వార్షిక లెక్కలు ఆనాడు ఆరంభమయ్యెడివి. తరువాత ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ నెలకు మారినను, తాళపుచెవులను స్వామివారి పాదములచెంత సమర్పించు ఆచారము నేటికిని సాగుచున్నది. ఎంతటి అధికారియైనను తాళములు తనవి కావని ఒప్పుకొనవలసినదే.

సంవత్సరమున ఒకనాడు జరుగు ఈ అప్పగింతను శ్రీవైష్ణవ సంప్రదాయము నిత్యకృత్యముగా విధించినది. కర్మకు ముందును, కర్మాంతమునను సాత్త్విక త్యాగము చేయవలెను. చేయువాడను నేనను భావమును, ఇది నాదను మమతను, ఫలము నాకను ఆశను మూడింటిని విడిచి భగవంతునికి సమర్పించుటయే అది. అట్లు సమర్పించువానికి ప్రతి సాయంకాలమును ప్రయాణపు ముందునాటి సాయంకాలమే. వాని పని ఎప్పుడును అప్పగింతకు సిద్ధముగా నుండును. యాత్రకు మూడు దినముల ముందు మాత్రమే మేల్కొనువాడు తక్కిన దినములలో తాళములు తనవేయని భ్రమించుచున్నాడు.

కావున ఈసారి యాత్రకు మూటకట్టుకొను వేళ ఒక్కమారు యోచింపుడు. మన వెనుక మన బరువును మోయువారెవరు? వారికి చెప్పవలసినది చెప్పితిమా? వారి వంతు వచ్చినపుడు మనము నిలిచెదమా? వారి సెలవు పొందిన పిదపనే స్వామివారి సెలవును కోరుదము. శ్రీనివాసుడు మనకందరకును అట్టి సద్బుద్ధిని ప్రసాదించుగాక!