నిలిచిన బండి – నడిపించు ధర్మము

ప్రాణము లేని యంత్రము విషయమున ధర్మాధర్మ విచారమునకు చోటు కలదా? వెల చెల్లించి కొన్న వస్తువునకు కొన్నవాడు తిరిగి ఋణపడి యుండునా? ఈ ప్రశ్నలు మొదట వింతగా తోచవచ్చును. కాని దీర్ఘకాలము మూలపడియున్న యొక పాత కారును కొని, దానిని మరల నడిపింపబూనిన వాని మార్గమును వెంబడించి చూచినచో, అడుగడుగునను మనుష్యుని సత్యనిష్ఠకు పరీక్ష యెదురగుచుండుట కనబడును.

ఇంగ్లండునందు ఆక్స్‌ఫర్డు నగరమునకు దక్షిణముగా ఆబింగ్డన్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి ఎం.జి. కర్మాగారమున 1962 మొదలు 1980 వరకు ఎం.జి.బి. అను స్పోర్ట్స్ కారు తయారగుచుండెను. ఇది ప్రభువుల కొరకు చేసిన రథము కాదు. 1798 ఘన సెంటీమీటర్ల ఇంజను, సాదా పనితనము గల ఈ బండిని మధ్యతరగతి ఉద్యోగి సైతము కూడబెట్టి కొనగలిగెడివాడు. పదునెనిమిది సంవత్సరములలో 5 లక్షలకు పైగా బండ్లు వెలువడెను. 1980 అక్టోబరు మాసమున ఆ కర్మాగారము మూతపడెను. నాటి బండ్లు పెక్కు నేటికిని రోడ్లపై తిరుగుచున్నవి. మరికొన్ని షెడ్లలో దుమ్ము కప్పుకొని పడియున్నవి.

అట్లు పడియుండుటకు కారణము సాధారణముగా నిర్లక్ష్యము కాదు, సదుద్దేశమే. యౌవనమున ముచ్చటపడి కొన్న ఇద్దరి బండి, బిడ్డలు పుట్టిన పిమ్మట చాలకపోవును. అమ్ముటకు మనసొప్పదు. ‘వచ్చు వేసవిలో బాగుచేయుదము’ అని షెడ్డులో నుంచి తలుపు వేయుదురు. ఆ వేసవి రాదు. ఇరువది, ముప్పది సంవత్సరములు గడచును. ఒకనాడు యజమాని కాలధర్మము చెందును. ఆ తలుపు తెరచు భారము భార్యపై పడును.

ఈ వాయిదా యెంత దూరము పోగలదో ఫ్రాన్సు దేశపు ఉదంతమొకటి తెలుపును. రోజే బైయోన్ అను రవాణా వ్యాపారి పాత కార్లను విరివిగా సేకరించి, మ్యూజియమును నెలకొల్ప సంకల్పించెను. వ్యాపారము దెబ్బతినుటచే కొన్నింటిని అమ్మవలసి వచ్చెను. మిగిలినవి పాకల క్రింద దశాబ్దముల తరబడి ఉండిపోయెను. 2014లో అవి వెలుగులోనికి వచ్చెను. 2015 ఫిబ్రవరిలో పారిస్ నగరమున సుమారు 60 బండ్లు వేలము వేయబడగా, వానిలో నొక ఫెరారీ కారు ఒక కోటి అరువది లక్షల యూరోలకు పైగా పలికెను. ధనము వచ్చిన మాట నిజమే. కాని పెక్కు బండ్లు అప్పటికే తుప్పు గూళ్లయి యుండెను. సంకల్పించిన మ్యూజియము రానేలేదు. ఆచరణకు రాని సంకల్పము వస్తువును కాపాడజాలదు.

నిలిపియుంచినంత మాత్రమున వస్తువు భద్రముగా నుండుననుట భ్రమ. టాంకునందలి పెట్రోలులో తేలిక భాగము ఆవిరియై పోయి, మిగిలినది జిగురై కార్బురేటరు సన్నని రంధ్రములను మూసివేయును. బ్రేకు ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలదు. ఆ తేమచే బ్రేకు సిలిండర్లు లోలోపల తుప్పు పట్టి బిగిసిపోవును. ఇంజనులో పిస్టను రింగులు సిలిండరు గోడలకు అంటుకొనును. రబ్బరు గొట్టములు పెళుసుబారును. ఎలుకలు వైర్లను కొరికివేయును. ఎం.జి.బి. కారునకు వేరుగా చట్రము లేదు. బాడీయే సమస్త భారమును మోయును. అందును తలుపుల క్రింద పెట్టెవలె సాగు ఇనుప గడపలే దానికి వెన్నెముక. ఆ గడపలు లోపలినుండి తినివేయబడును. పైనున్న రంగు మాత్రము చాలకాలము నిగనిగలాడుచునే యుండును. పైమెరుగును చూచి లోపలి స్థితిని నిర్ణయించువాడు మోసపోవుట ఇచ్చట తప్పదు.

స్థావర జంగమ భేదమును గూర్చి చిన్ననాటినుండియు వినుచు వచ్చిన వారికి ఇందలి అంతరార్థము సులభముగ బోధపడగలదు. కదలుటకై పుట్టినది కదలికయందే నిలుచును. కదలనీయక దాచుట దానికి రక్షణ కాదు.

ఇక కొనుగోలు విషయము. తలుపు తెరచిన ఆ వృద్ధురాలికి బండి వెల తెలియదు. ‘ఇనుము ధరకు పోయినను చాలును, చోటు ఖాళీయగును’ అని ఆమె తలచును. వచ్చినవానికి మాత్రము దాని విలువ చక్కగా తెలియును. అతడేమి చేయవలెను? ‘వెల చెప్పినది ఆమె, అంగీకరించినది నేను. ఇందు దోషమేమి? నా తెలివి నేను కష్టపడి సంపాదించుకొన్నది’ అని అతడు వాదింపవచ్చును. ఈ వాదము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. బహిరంగ వేలములో ఇరువైపులను తెలిసినవారుందురు. అచ్చట నేర్పరితనమునకు ఫలము దక్కుట న్యాయమే. కాని ఆ షెడ్డు వాకిట పోటీ లేదు. అచ్చట నున్నది ఒకరి నమ్మకము, మరియొకరి జ్ఞానము. నమ్మినవారి అజ్ఞానమును తన లాభముగా మార్చుకొనువాడు అబద్ధమాడకున్నను వంచకుడే యగును. మౌనము కూడ ఒక్కొక్కప్పుడు అసత్యమే.

కావున తెలిసిన విలువను చెప్పుటయే ధర్మము. అట్లే తెలిసిన లోపమును ఉన్నంతవరకే చెప్పవలెను. వెల తగ్గించుటకై తుప్పును కొండంతలు చేయుట తగదు. ఉభయులకును సమస్తమును తెలిసిన పిమ్మట ఏ బేరమునకు ఇరువురును చింతింపరో, అదియే న్యాయమైన బేరము. ఇట్లు నడచినవానికి లభించునది బండి మాత్రమే కాదు. నమ్మకము కలిగిన ఇల్లాలు లోపలికి పోయి, భర్త దాచియుంచిన రసీదులు, పాత ఫొటోలు, తాళపు చెవులు తెచ్చి ఇచ్చును. బండి చరిత్రకు అవియే సాక్ష్యములు. అట్టి కాగితములు గల బండికే తెలిసినవారిలో ఎక్కువ మన్ననయు కలదు.

బండి ఇల్లు చేరిన పిదప ఎదురగు ప్రలోభము తొందర. కొత్త బ్యాటరీ బిగించి, తాళము త్రిప్పి, ఇంజను పలుకునేమో చూతమని ప్రతివానికిని చేయి దురద పెట్టును. ఎండిపోయిన సిలిండర్లలో అట్లు బలాత్కారముగా త్రిప్పినచో రింగులు విరుగును, గోడలు గీచుకొనిపోవును. ముప్పది సంవత్సరములు చెడకుండ మిగిలినది మూడు నిమిషములలో చెడును. తెలిసినవాడు ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో పలుచని నూనె పోసి, కొన్ని దినములు ఆగును. పిమ్మట చేతితో మెల్లగా త్రిప్పి చూచును. పాత పెట్రోలును తీసివేసి టాంకును కడుగును, గొట్టములన్నింటిని మార్చును. వెనుక భాగముననున్న విద్యుత్ పంపు పలుకకున్నచో మెల్లగా తట్టి, దాని కొనలను శుభ్రపరచును. అది ‘టిక్ టిక్’మని పలికిన నాడు అతనికి కలుగు ఆనందము చెప్పనలవి కాదు.

అయినను ఇంజనుకన్న ముందు బ్రేకులను సిద్ధపరచవలెనని పెద్ద మెకానిక్కులు చెప్పుదురు. ఇందొక గొప్ప నీతి కలదు. కదలలేని బండి ఎవరికిని హాని చేయదు. ఆగలేని బండి అందరికిని హాని చేయును. శక్తికి ముందు నిగ్రహము సిద్ధము కావలెను.

బ్రిటనునందు 2018 మే మాసమునుండి, నలువది యేండ్లు దాటి, పెనుమార్పులు పొందని కార్లకు ఏటేట జరుగు తనిఖీనుండి మినహాయింపు కలదు. 1980లో వెలువడిన కడపటి ఎం.జి.బి. కూడ ఇప్పుడు నలువది దాటినది. కాని చట్టము తనిఖీనే మినహాయించినది గాని బాధ్యతను మినహాయింపలేదు. బండిని సురక్షితముగ నుంచు భారము నడుపువానిదే. అధికారి చూడనప్పుడు సైతము అరిగిన బ్రేకును మార్చువాడు ఎవరికి భయపడి మార్చును? రోడ్డు దాటుచున్న పరాయి బిడ్డ యెడల తనకు గల ఋణమునకే.

ఇప్పుడు మరియొక సూక్ష్మ ప్రశ్న ఉదయించును. ఎం.జి.బి. కారునకు 1988 నుండి పాత అచ్చులతోనే సరికొత్త బాడీలు తయారు చేయబడెను. తుప్పుపట్టిన దేహమును త్రోసివేసి, కొత్త దేహమున పాత ఇంజనును బిగించినచో, ఆ బండి పాతదా, కొత్తదా? ఇంజను కూడ మార్చినచో ఏమి మిగిలినది?

1990లో లండను హైకోర్టు ఎదుటికి ఇట్టి వివాదమే వచ్చెను. 1929, 1930 సంవత్సరములలో ఫ్రాన్సునందలి లమాన్ 24 గంటల పందెమును గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ అను బెంట్లీ కారును కోటి పౌండ్లకు కొనుటకు ఒప్పందము జరిగెను. పిమ్మట కొనదలచినవారు ‘పందెము గెలిచిన నాటి భాగములు ఇందు మిక్కిలి స్వల్పము, ఇది ఆ బండి కాదు’ అని వెనుదీసిరి. భాగములు కాలక్రమమున మారిన మాట నిజమేయని న్యాయమూర్తి అంగీకరించెను. అయినను ఆ మార్పులన్నియు ఒకే బండి జీవితములో ఎడతెగక సాగినవే గాని, నడుమ వేరొక బండి వచ్చి దాని స్థానమును ఆక్రమింపలేదని నిర్ణయించి, అది ఆ బండియేయని అమ్మువారి పక్షమున తీర్పు చెప్పెను.

ఈ తీర్పునందు ఆలోచింపదగిన తత్త్వము కలదు. వస్తువు యొక్క తనము ద్రవ్యమునందు కన్న అవిచ్ఛిన్నమైన చరిత్రయందు ఎక్కువగా నున్నది. కాని చరిత్రను నిలుపునది సాక్ష్యము. సాక్ష్యమును నిలుపునది సత్యము. కొత్త బాడీ బిగించుట పాపము కాదు. బిగించి దాచుట పాపము. గడపలకు వెల్డింగు చేయుట గౌరవప్రదమైన కాయకము; తుప్పుపై పూత పూసి రంగు వేసి అమ్ముట చౌర్యము. రెండు బండ్లును ఎండలో ఒకే విధముగ మెరయును. భేదము చేసినవాని అంతరంగమున మాత్రమే యుండును.

కావున పునరుద్ధరణకు పూనుకొన్నవాడు పనిముట్లతోపాటు ఒక నోటుపుస్తకమును గూడ దగ్గరనుంచుకొనవలెను. ఏ భాగమును ఏ దినమున మార్చెను, ఏది పాతది, ఏది కొత్తది, తనచే పాడైనది ఏది — అన్నియు అందు వ్రాయవలెను. పని ముగిసిన పిదప బండిని మరల షెడ్డులో బంధింపక నడపవలెను. ఏనాడో అతని కాలము కూడ తీరును. వేరొకరు వచ్చి ఆ తలుపు తెరచెదరు. నాడు వారి చేతికి తాళపు చెవితోపాటు ఆ పుస్తకము కూడ అందినచో, అతడు ఆ బండికిని, దానిని నమ్మి ఇచ్చిన ఇల్లాలికిని పడిన ఋణము తీరినట్లే.