మానిన హానికి మూల్యము

పొరుగువాని యింటిలోనికి పొగ పోవునట్లు వంట చేయు గృహస్థుడొకడు "నాకు నెలకింత సొమ్మిచ్చినచో పొగగొట్టము కట్టించెదను" అనినచో మనమేమందుము? వానిని దురాశాపరుడందుము. వాడు నిరుపేదయై ఇటుకలు కొనలేనివాడైనచో మన తీర్పు కొంత మెత్తబడును. గొట్టము లేచిన పిమ్మటను నెలసొమ్ము కోరుచునే యుండినచో మఱల సందేహము పుట్టును. మహానగరముల చెత్తదిబ్బలనుండి వెలువడు వాయువును పట్టి విద్యుచ్ఛక్తిగా మార్చు కార్యములకు ధనమెట్లు సమకూర్పవలెనను ప్రశ్న పైకి బ్యాంకివారి లెక్కవలె కనబడును. లోపల నున్నది ఈ పొగగొట్టపు ప్రశ్నయే.

చెత్తను గుట్టగా పోసి కప్పినప్పుడు, గాలి సోకని లోతున అన్నపుమెతుకులు, ఆకులు, కాగితములు సూక్ష్మజీవులచే కుళ్లి వాయువును పుట్టించును. అందు సుమారు సగము మీథేను. తక్కినది చాలవఱకు బొగ్గుపులుసు వాయువు. నూఱేండ్ల లెక్కన మీథేను బొగ్గుపులుసు వాయువుకంటె దాదాపు 28 రెట్లు భూమిని వేడిచేయునని శాస్త్రజ్ఞుల గణనము. దిబ్బలోనికి గొట్టములు దింపి వాయువును పీల్చి యంత్రమునకు బంపినచో విద్యుత్తు వచ్చును. వట్టిగా మండించినను హాని మిక్కిలి తగ్గును. కాలిఫోర్నియాలోని పాలోస్ వెర్డీస్‌లో 1975లోనే ఇట్టి పని జరిగినది. కావున విద్య క్రొత్తది కాదు. కొఱతపడినది ధనము. గొట్టములకు, యంత్రములకు సొమ్మంతయు మొదటనే పెట్టవలెను. ఫలము ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా వచ్చును. చెత్త వేయుట మానిన పిమ్మట వాయువు ఏటేట తఱుగుచు పోవును. ఇట్టి వ్యాపారమునకు అప్పిచ్చువాడు నిదానించుట వింత కాదు.

దీనికి లోకము రెండు మార్గములు త్రొక్కినది. అమెరికా సంయుక్త రాష్ట్రములు శాసనమార్గము పట్టినవి. ఒక పరిమితికి మించిన దిబ్బల యజమానులు వాయువును పట్టి తీరవలెనని అచటి ప్రభుత్వము 1996లో నియమము చేసెను. రెండవది క్రయమార్గము. 1997 నాటి క్యోటో ఒడంబడిక ప్రకారము, ధనికదేశములు తాము తగ్గింపవలసిన హానికి బదులుగా పేదదేశములలో జరిగిన తగ్గింపును కొనవచ్చునని యుండెను. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువునకు సమానమైన హాని మానినచో ఒక పత్రము పుట్టెడిది; ఆ పత్రము బజారున అమ్ముడుపోయెడిది. ఈ విధానముక్రింద మొట్టమొదట నమోదైనది చెత్తదిబ్బ వాయుకార్యమే. బ్రెజిలు దేశమున, రియో నగరమునకు చేరువనున్న నోవా ఇగ్వాసులో తలపెట్టిన 'నోవాజెరార్' అను ఆ కార్యము 2004 నవంబరులో నమోదయ్యెను.

ఆ దేశముననే సావుపౌలో నగరపు కథ మఱింత యోచింపదగినది. అచటి బందేయిరాంతిస్ దిబ్బ 1979 మొదలు 2007 వఱకు నగరపు చెత్తను మ్రింగెను. 2004లో అచట ఇరువది మెగావాట్లకు మించిన విద్యుత్కేంద్రము వెలసెను. యూనిబాంకో అను బ్యాంకి దానికి పెట్టుబడి పెట్టి, విద్యుత్తును తానే వాడుకొనెను. తగ్గింపు పత్రములలో సగము నగరమునకు, సగము వాయువును పట్టిన సంస్థకు. 2007 సెప్టెంబరులో నగరము తన వాటాలోని 8,08,450 పత్రములను వేలము వేయగా, ఫోర్టిస్ బ్యాంకి ఒక్కొక్కటి 16.20 యూరోల చొప్పున కొనెను. కోటి ముప్పది లక్షల యూరోలు! మఱుసటి యేటి వేలములో ధర 19 యూరోలు దాటెను. ఈ సొమ్ము దిబ్బ ప్రక్కనున్న పెరూస్ మొదలగు పేటల బాగునకు వినియోగింపవలెనని నిశ్చయించిరి. ఇరువది యెనిమిది యేండ్లు ఆ వాసన పీల్చినవారికి ఉద్యానవనము వేయించుట దానమా, బాకీ తీర్చుటయా? మా మతమున అది బాకీయే. బాకీ తీర్చువాడు శిలాఫలకము వేయించుకొనరాదు.

ఇట నొక చిక్కు కలదు. మూల్యము లేకున్నను జరుగవలసిన పనికి పత్రము పుట్టకూడదని ఆ విధానపు మూలసూత్రము. శాసనము విధించిన పని ఎట్లును జరుగవలసినదే కదా! అట్లైనచో మంచి శాసనము చేసిన దేశము సొమ్ము పోగొట్టుకొనును. శాసనము చేయక కన్నులు మూసికొన్న దేశము సొమ్ము పొందును. పర్యవేక్షక మండలి ఈ వంకరను గుర్తించి, హానిని తగ్గించుటకు 2001 నవంబరు తరువాత చేయబడిన శాసనములను లెక్కలోనికి తీసికొననక్కఱలేదని నిర్ణయించెను. ఒక ముడి విడెను, మఱియొకటి పడెను. ఉన్న శాసనమును లేనట్లు భావించి మూల్యమిచ్చుట యేమి న్యాయము? కొన్నవాడును పుణ్యము కొనలేదు. తన దేశమున తన పొగ వదలుకొనుటకు అనుమతి కొనెను. అయినను పెరూస్ ప్రక్కన వాయువు మండుట సత్యము. ఈ సత్యమును త్రోసివేసి మూల్యమును పూర్తిగా నిందించువారితో మేము ఏకీభవింపము. పేదనగరము గొట్టముల వెలకు చేయి చాచుటలో తప్పులేదు. ధర్మమును ధరకు కట్టివేయుటయే తప్పు.

ఆ కట్టు ఎంత బలహీనమో 2012లో తేలినది. ఐరోపాలో వ్యాపారములు మందగించి, పత్రములు కుప్పలుగా పెరిగి, కొనువారు తఱిగి, 2008లో ఇరువది యూరోలకు మించి పలికిన పత్రము 2012 ముగియునాటికి ఒక్క యూరోకంటె దిగువకు జాఱెను. దిబ్బలోని మీథేనుకు ఈ సంగతి తెలియదు. అది ఎప్పటివలె వెలువడుచునే యుండును. వాయువును పట్టుటకు పత్రపు ధర తప్ప వేఱు కారణము లేనిచోట, ధర పడిననాడు యంత్రము నడపుటకును కారణము పడిపోయినదన్నమాట. బిడ్డకు పాలు పట్టు దాది జీతము తగ్గినచో పాలు మానవచ్చునా అని యెవరును అడుగరు.

అదే సంవత్సరము జూనులో రియో నగరము తన జార్దిం గ్రమాషో దిబ్బను మూసివేసెను. గ్వనబారా అఖాతపు టొడ్డున, 1970ల నుండి చెత్త మోసిన దిబ్బ అది. దానిలోని వాయువును సమీపముననున్న పెట్రోబ్రాస్ చమురుశుద్ధి కర్మాగారమునకు అమ్ముటకు ఏర్పాటు జరిగెను. ఆ దిబ్బమీద సుమారు 1,700 మంది కాగితము, సీసా, లోహము ఏరి అమ్ముకొని జీవించుచుండిరి. నగరము తిరిగి వాడుకొనగల వస్తువును కుళ్లనీయక ప్రక్కకు తీసినవారు వీరే. ఇందుకు వీరికి ఎవరును పత్రములియ్యలేదు. దిబ్బ మూసిననాడు ఒక్కొక్కరికి సుమారు 14,000 రెయాలులు పరిహారముగా నిర్ణయింపబడెను. అదియు వారు సంఘము కట్టి అడిగినందున వచ్చినది. ధనము సమకూర్చువారి పట్టికలో బ్యాంకి, కంట్రాక్టరు, నగరము, పత్రము కొన్నవాడు ఉందురు. ఏరుకొనువాడు ఆ పట్టికలోనికి పేరుతో ఎక్కుటకు దిబ్బ మూతపడవలసి వచ్చెను.

ఇంకొక భయము. మురికికి వెల పుట్టినచో మురికిమీద మక్కువ పుట్టదా? అమెరికా ప్రభుత్వము 2014లో, చెత్తదిబ్బ వాయువునుండి చేసిన వాహన యింధనమును అధికవిలువగల తరగతిలో చేర్చెను. వాయువునుండి ఆదాయము తీయువానికి దిబ్బలో కుళ్లునది తగ్గుట లాభము కాదు. ఐరోపావారి 1999 నాటి ఆదేశము వేఱు దారి పట్టినది: కుళ్లు చెత్తను దిబ్బకు పోవుటనే క్రమముగా తగ్గించి, 1995 నాటి పరిమాణములో 35 పాళ్లకు తేవలెనని. మన రైతుకు ఈ మాట చెప్పనక్కఱలేదు. పల్లెలో పెంట పొలమునకు పోవును. అది బండ్ల లెక్కన అమ్ముడుపోవు సంపద. సీసాపెంకులతోడను చింకిగుడ్డలతోడను కలిపి, గాలి చొరకుండ ఎత్తుగా పోసి, దానిని విషముగా మార్చుట పట్టణపు విద్య. కుళ్లని జడపదార్థములు మాత్రమే దిబ్బకు పోవలెనని మన దేశములోను 2000 సంవత్సరపు నిబంధనలు చెప్పినవి. అటుపిమ్మటను హైదరాబాదు చెత్త జవహర్‌నగరమున గుట్టలై పేరుకొనెను.

పాతదిబ్బల వాయువును పట్టవలసినదే. అది చేసిన తప్పునకు చికిత్స. ఈ రెండు పనులకు వేఱువేఱు పద్దులుండవలెనని మా అభిప్రాయము. గొట్టములకు, యంత్రములకు అప్పుగాని, పత్రముల సొమ్ముగాని తెచ్చుకొనవచ్చును. నడపు ఖర్చు మాత్రము చెత్త వేయువారి రుసుమునుండి రావలెను. దిబ్బ మూతపడిన తరువాత ఇరువది, ముప్పది యేండ్లు వాయువు వచ్చుచుండును. అంతకాలము రాత్రివేళ పంపువద్ద కూర్చుండువాని జీతము ఏ పద్దులో వ్రాసినారని, ఒప్పందముపై చేవ్రాలు చేయుటకు ముందే పురపాలక సంఘ సభ్యులు అడుగవలెను.