ఊపిరి దేవుని వరం



దేవుడు నేలమట్టితో మానవుని రూపొందించి, అతని ముక్కు రంధ్రాలలో ప్రాణవాయువును ఊదాడని ఆదికాండము తెలుపుతున్నది. కనుక మన ఊపిరి మన సొత్తు కాదు, దేవుని వరం. ఆ వరాన్ని మన బిడ్డలు కొందరు గంజాయి పొగ పాలు చేస్తున్నారు.

ఇది ఎక్కడో దూరాన జరిగే సంగతి కాదు. పాడేరు, ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి రోడ్ల మీద, రైళ్లలో పట్టుబడుతూనే ఉంది. మన చీపురుపల్లి కూడా హౌరా–చెన్నై రైలు మార్గం మీదనే ఉంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. పట్టుబడినదే అంత ఉంటే, పట్టుబడనిది ఎంతో ఆలోచించండి.

“ఆకే కదా, సిగరెట్టు కంటే నయం” అని కుర్రవాళ్లు చెప్పుకుంటారు. అది నిజం కాదు. గంజాయి తాగేవారు పొగను లోతుగా పీల్చి, లోపల బిగబట్టి ఉంచుతారు. అందువల్ల కొందరికి ఊపిరితిత్తి చిట్లి, గాలి రొమ్ములో చేరి, ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. మరికొందరికి అందులోని సన్నని గాలి సంచులు వాచి, నీటితోనో రక్తంతోనో నిండుతాయి. అమెరికాలో 2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్లు పీల్చినవారికి ఇటువంటి ముప్పే వచ్చింది. వారిలో ఎక్కువమంది పీల్చింది గంజాయి నూనె. అందులో కల్తీ కలిపిన విటమిన్ ఇ అసిటేట్ ముఖ్య కారణమని వైద్యులు తేల్చారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది మరణించారు.

తల్లిదండ్రులారా, మీ అబ్బాయికి ఉన్నట్టుండి ఆయాసం, రొమ్ము నొప్పి వచ్చినా, దగ్గులో రక్తం పడినా, తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. పరువు పోతుందని డాక్టరు గారి దగ్గర గంజాయి మాట దాచకండి. ఆ మాట తెలియకపోతే ఆయన మామూలు నిమోనియా అనుకోవచ్చు. పాపసంకీర్తనంలో దాచిన పాపానికి మందు లేనట్టే, దాచిన జబ్బుకూ మందు లేదు.

తప్పిపోయిన కుమారుని తండ్రి ముందు లెక్కలు అడగలేదు, ఎదురు పరుగెత్తి కౌగలించుకున్నాడు. మీరూ అలాగే చేయండి. మాన్పించే సలహా కోసం 14446 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ రాత్రి కుటుంబ జపమాల ముగిశాక, టీవీ పెట్టకుండా, మీ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఈ మాట మాట్లాడండి. కోప్పడకుండా వారు చెప్పేది వినండి.

మనకు ఊపిరి పోసిన తండ్రి మన బిడ్డలను కాపాడునుగాక! ఆమెన్.