అమానత్‌కు హద్దెక్కడ?

మన ఇళ్లల్లో మనసు జబ్బును జబ్బనరు. ‘గాలి సోకింది’ అంటారు. డాక్టరుకు చూపిస్తే బస్తీ అంతా తెలుస్తుందని, పిల్లకు రిష్తాలు తప్పిపోతాయని భయం. ఆ భయం దాటి వచ్చిన మనిషి చెప్పుకున్న మాట డాక్టరు దగ్గర అమానత్. దాన్ని కాపాడటం దయ కాదు, బాధ్యత.

మరి ఆ మాటలోనే ఇంకొకరి చావు ఉంటే? 1969లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ప్రసేన్‌జిత్ పొద్దార్ అనే భారతీయ విద్యార్థి, తనను కాదన్న అమ్మాయిని చంపుతానని సైకాలజిస్టుతో అన్నాడు. ఆయన క్యాంపస్ పోలీసులకు చెప్పాడు. వాళ్లు పట్టుకుని, బాగానే ఉన్నాడని వదిలేశారు. తాతియానా తారసాఫ్‌కు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమెను చంపేశాడు. ముప్పులో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత వైద్యుడికి ఉందని 1976లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. గుట్టు పోలీసులకు చేరింది, చేరవలసిన మనిషికి చేరలేదు.

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్‌లో, గోప్యత రోగి హక్కు అంది. ఇతరులకు హాని తప్పించడానికి అవసరమైనంత మేరకే చెప్పవచ్చంది. న్యాయమే. ‘ప్రజా భద్రత’ కోసమూ చెప్పవచ్చంది. అక్కడే నా అనుమానం. ఎవరి కోపం జబ్బు, ఎవరి కోపం ప్రమాదం? గడ్డం ఉన్న కుర్రాడు కుమిలిపోయి నాలుగు మాటలంటే అవి కేసు షీటులో ఉంటాయా, ఠాణా ఫైలుకెక్కుతాయా?

హద్దు ఒకటే. ఫలానా ప్రాణానికి ఫలానా ముప్పు ఉంటే, అది తప్పడానికి ఎంత చెప్పాలో అంతే, ఎవరికి చెప్పాలో వాళ్లకే. అత్తగారి ఆరాకు, ఇంటి పరువుకు, పోలీసు అనుమానానికి అమానత్ విప్పకూడదు. విప్పితే రేపు ఎవరూ నోరు విప్పరు. అప్పుడు ముప్పు సంగతీ ఎవరికీ తెలియదు.